మూల గది గోడ

గోడలో గుచ్చిన కత్తిని బయటికి లాగితే మొన వేడిగా ఉంది. కత్తి అక్క ముందు నమ్మలేదు. చేతి తొడుగు విప్పి వట్టి వేలితో మళ్ళీ తాకింది. చుర్రుమంది.

ఆమె అసలు పేరుతో ఆ కట్టడంలో ఎవరికీ పని పడలేదు. మూరెడు పొడుగున్న, అటూ ఇటూ వంగే పళ్ళ కత్తితో గోడల మీద పొంగిన ఫోమును చెక్కి చదును చేస్తుంది కాబట్టి అందరికీ కత్తి అక్కే. ఆమెకు ముందు నడిచేది సొంత తమ్ముడు. నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల సూటు, మూతికి గాలి గొట్టం, చేతిలో గన్ను. చంద్రుడి మీదికి బయల్దేరినవాడిలా ఉంటాడని వాడికి రాకెట్టు అని పేరు పెట్టేశారు. రెండు డ్రముల్లోంచి రెండు రకాల ద్రవాలు గొట్టాల్లో వచ్చి గన్ను మూతి దగ్గర కలుస్తాయి. గోడకు బిగించిన ఇనప చట్రంలో ఒక్కో గడిలోకి వాడు చిమ్మిన మరుక్షణం అది పాలపొంగులా లేచి, గడంతా నిండి, గట్టిపడిపోతుంది. బయటి ఎండను, చలిని గది లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ పొంగే. తమ్ముడు నింపుతాడు, అక్క చెక్కుతుంది, ఆ తర్వాత బోర్డులవాళ్ళు వచ్చి మూసేస్తారు. వయసు మళ్ళిన వాళ్ళు ఉండటానికి కడుతున్న ఆ రెండంతస్తుల వసతి గృహంలో నెలన్నరగా జరుగుతున్నది ఇదే.

ఆ సోమవారం మధ్యాహ్నం కరెంటాయన కింది అంతస్తు మూల గదిలోకి వచ్చి, కిటికీ నుంచి నాలుగో గడి మీద పెన్సిల్‌తో చదరం గీసి, "ఇక్కడ స్విచ్చి పెట్టె వస్తుంది, కాస్త లోతుగా తవ్విపెట్టక్కా" అని వెళ్ళాడు. ఆయన రాకపోతే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. రోజూ ఆమె చెక్కేది గోడ మొహమే. మొహం వెన్న రంగులో నున్నగా ఉంటే పని బాగున్నట్టు. గోడ కడుపులో ఏముందో చూడటం ఆమె పని కాదు.

గీసిన చోట కోసి ముక్క పెరికింది. పైన రెండు వేళ్ళ మందాన వెన్న రంగు. దాని వెనక పసుపు. ఇంకా లోపల ఇటుక రంగు. నడిమధ్యలో అడుగంటిన పాలలా మాడి, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. దానిలోంచి పోతున్న కరెంటు వైరు తొడుగు కరిగి ఫోముకు అంటుకుపోయింది. ముక్కతో పాటు అదీ ఊడి వచ్చి లోపలి రాగి బయటపడింది. లైన్లలో ఇంకా కరెంటు లేదు కాబట్టి సరిపోయింది. ఆ ఘాటుకు ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఒరేయ్, ఇలా రా" అని కేకేసింది.

తమ్ముడు గొట్టం ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. "ఏంటక్కా, ఇంకా రెండు గదులున్నాయి నాకు."

"ఈ గడి ఎన్ని పొరల్లో కొట్టావు?"

వాడు మూతికున్న గొట్టం విప్పి, గోడలోని నల్లటి గుంట వైపు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఫోము పనివాళ్ళకు మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. ఒక పొర రెండు అంగుళాలు మించకూడదు. అది చల్లారేదాకా కూర్చోవాలి. అప్పుడు రెండోది. పొంగేటప్పుడు దానిలో వేడి పుడుతుంది, పుట్టిన వేడిని అదే బయటికి పోనివ్వదు. ఆరంగుళాల లోతు గడిని ఒకే ఊపున నింపేస్తే పైకి అంతా చక్కగానే ఉంటుంది, లోపల మాత్రం గంటల తరబడి ఉడుకుతూనే ఉంటుంది. ఒక్కోసారి అందరూ ఇళ్ళకు పోయాక అదే రాజుకుంటుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయక్కర్లేదు.

"సూపర్‌వైజర్ సార్ నా పక్కనే నిలబడ్డాడక్కా" అన్నాడు తమ్ముడు చివరికి. "పొర పొరకీ ఇలా కూర్చుంటే పని ఎప్పటికి తెముల్తుంది, గురువారం పెద్దవాళ్ళు గదులు చూసుకోడానికొస్తున్నారు, ఒకే దెబ్బకి నింపెయ్ అన్నాడు. నీకు చేతకాకపోతే గన్ను పట్టడానికి గేటు దగ్గర ఇంకొకడున్నాడు అన్నాడు."

"ఈ ఒక్క గడేనా?"

"ఒక్కటే."

"తవ్వి పారేద్దాం. నేనే తవ్వేస్తాను."

"తవ్వితే ఎందుకు తవ్వావంటాడు. నా పని అక్కడితో సరి." వాడు గుమ్మం బయటికి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "మూసెయ్యక్కా. వైరుకి టేపు చుట్టి, ముక్క అందులోనే కుక్కి, పైన పలచగా ఒక పొర కొడతా. తెల్లారేసరికి చల్లారిపోతుంది. స్విచ్చి పెట్టె పక్క గడిలో పెట్టుకోమందాం."

ఆమె వద్దనాలి. అనలేదు. ఈ పనిలోకి వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది ఆమే. ఇల్లు నడిచేది వాడి గన్ను మీద. వాడు టేపు చుట్టాడు, చిమ్మాడు. పావుగంట ఆగి ఆమె కత్తి తీసుకుని, పొంగిన చోటంతా అంచులు కలిసేలా, గీత కనపడకుండా చెక్కింది. అంత నున్నగా ఆ నెలన్నరలో ఏ గోడా చెక్కలేదు. కరెంటాయన తిరిగొచ్చి అడిగితే, అక్కడ వెనక ఇనప పట్టీ అడ్డమొచ్చిందని అబద్ధం చెప్పింది. ఆయన పెద్దగా పట్టించుకోకుండా ఐదో గడి చూపించాడు. అది తవ్వితే చివరిదాకా వెన్న రంగే. ఒక్కటే అన్న మాట నిజమేనని ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మరదలు రెండుసార్లు వడ్డించబోయింది. తమ్ముడు రెండుసార్లూ చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కాతమ్ముళ్ళిద్దరూ మౌనవ్రతమా ఏంటి ఇవాళ" అంది మరదలు. కత్తి అక్క నవ్వబోయింది, కుదరలేదు. వీధిలో ఏ బండి హారన్ గట్టిగా మోగినా అది ఫైరింజనేమోనని ఉలిక్కిపడుతూ కూర్చుంది.

మంగళవారం అందరికంటే గంట ముందు బయల్దేరింది. వీధి మలుపు తిరిగే దాకా తల ఎత్తలేదు. ఎత్తితే పొగ కనపడుతుందేమోనని భయం. మలుపు తిరిగాక చూస్తే కట్టడం ఎక్కడిదక్కడే ఉంది, కాపలా మనిషి గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. ఆమె మూల గదిలోకి పోయి నాలుగో గడి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. పోనీలే అనుకుని చెయ్యి తీసేలోపే, పైన చల్లగా ఉంటే లోపల చల్లగా ఉన్నట్టు కాదని గుర్తొచ్చింది. నిన్నా పైన చల్లగానే ఉంది.

తొమ్మిదింటికి బోర్డుల పెద్దాయన తన మనుషులతో దిగాడు. ఆయన పనికి పేరు పెట్టడానికి లేదు, ఒక్కో బోర్డూ ఎత్తి చట్రానికి ఆనించి టకటకా మరలు బిగించేస్తాడు. కత్తి అక్క చీపురు పట్టుకుని ఆ గదిలోనే తచ్చాడింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. సందు దొరికినప్పుడల్లా గోడ మీద చెయ్యి వేసింది.

"ఏంటక్కా, గోడకి జ్వరమా?" అన్నాడు పెద్దాయన. "పొద్దున్నించీ చెయ్యి పెట్టి చూస్తున్నావు. మాత్ర వేయిద్దామా?"

మనుషులంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి గడప దాటి, వరండాలో ఇసుక బస్తా మీద కూలబడింది. లోపల మరలు బిగుస్తున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఇప్పుడు లేచి ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే ముందు పోయేది తమ్ముడి గన్ను, ఆ తర్వాత చెక్కిన తన చెయ్యి. చప్పుడు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి చూస్తే గోడంతా ఒకే తెల్లటి బోర్డు. ఏ గడి ఎక్కడుందో ఇక కంటికి ఆనదు. కిటికీ నుంచి జానలతో కొలిచి నాలుగోది ఇక్కడ అని మనసులో గుర్తు పెట్టుకుంది.

బుధవారం రంగులు వేశారు. గురువారం మధ్యాహ్నం కింది అంతస్తుకు కరెంటు ఇస్తామని కరెంటాయన ఎవరితోనో అంటుంటే విన్నది. ఆ గదిలో దీపం వెలిగినా ఫ్యాను తిరిగినా, ఆ బోడి రాగి లోంచే కరెంటు పోవాలి. తమ్ముడు టేపు చుట్టింది కనపడ్డ బెత్తెడుకే. కనపడనిది ఎంత కరిగిందో ఎవరు చూశారు?

ధైర్యం తెచ్చుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన మెట్ల మీద నిలబడి ఫోన్లో ఎవరికో సర్దిచెబుతున్నాడు. పెట్టేసి, "చెప్పమ్మా" అన్నాడు. పలకరింపులో ఎప్పుడూ లోటు చెయ్యడు. మనుషుల్ని తరిమేదీ ఆ మెత్తటి గొంతుతోనే.

"మూల గది గోడ ఒకసారి విప్పి చూస్తే బాగుంటుందేమో సార్."

"ఏం, గోడకి కడుపునొప్పా?"

"ఏదో మాడు వాసన వచ్చినట్టుంది."

"అది రంగు వాసన." ఆయన నవ్వుతూనే ఆమె ముఖంలోకి చూశాడు. "మీ తమ్ముడు పంపాడా నిన్ను? వాడి పనిలో ఏమైనా తేడా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు, వాడి సంగతి ఇప్పుడే చూస్తాను."

"లేదు సార్, ఊరికే" అని వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. తమ్ముడు కింద డ్రములు కడుగుతూ కనిపించాడు. రెండు రోజులుగా వాడు ఆమె కళ్ళలోకి చూడటం లేదు. గీకిన డ్రమునే మళ్ళీ గీకుతున్నాడు.

గురువారం పదకొండింటికి వ్యాను వచ్చి ఆగింది. తొమ్మిది మంది పెద్దవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. కొందరు ఆ రాత్రికే ఉండిపోయేలా పెట్టెలు కూడా తెచ్చుకున్నారు. సూపర్‌వైజర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్ళాడు. గదుల్లో మంచాలు వేసి, తెల్ల దుప్పట్లు పరిచి ఉంచారు. కత్తి అక్కకు మూల గది కిటికీ అంచున మిగిలిన ఫోము గీకే పని చెప్పారు. ఆమె కిటికీ వైపు తిరిగి గీకుతోందే గాని, చెవులన్నీ వెనకే ఉన్నాయి.

చేతికర్ర పట్టుకుని మొదట లోపలికొచ్చింది సన్నగా, నిటారుగా ఉన్న ఒకావిడ. మిగతావాళ్ళు టీచరమ్మా అని పిలుస్తున్నారు. కర్ర మంచానికి ఆనించి, కూర్చుని, వెనక్కి వాలి గోడకు వీపు చేర్చింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఈ మంచం నాది, ముందే చెబుతున్నా" అంది. "ఈ గోడ ఎంత వెచ్చగా ఉందో. నా నడుం నొప్పికి దీన్ని మించిన మందు లేదు."

కత్తి అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. రెండంగల్లో మంచం దగ్గరికొచ్చి, ఆవిడ భుజం పక్కన గోడ మీద అరచెయ్యి పెట్టింది. వేడి. బోర్డు దాటి, రంగు దాటి చేతికి తెలిసేంత వేడి. మూడు రోజులైనా చల్లారలేదు. లోపల రాజుకుంటోంది.

వరండాలోంచి కరెంటాయన గొంతు వినపడింది. "కింది మెయిన్ వెయ్యమంటారా సార్?"

"వెయ్యొద్దు" అంది కత్తి అక్క. అది తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "లేవండమ్మా, మీరు లేవండి. ఆ చివరికి వెళ్ళండి." టీచరమ్మ రెక్క పట్టుకుని లేపి, మంచం ఒక్క తోపు తోసి, ఆవిడ వాలిన చోటే బోర్డులోకి కత్తి దింపింది. తెల్లటి పొడి దుప్పటి మీద రాలింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకునేసరికే చదరపు ముక్క ఊడి వచ్చింది. దాని వెనక ఫోమును రెండు చేతులా పెరికింది.

వెన్న రంగు. ఇంకా లోపలికి పోతే వెన్న రంగే. అంచు వెంబడి వేడినీళ్ళ పైపు ఒకటి పోతోంది. పెద్దవాళ్ళొస్తున్నారని పొద్దున్నే స్నానాల గదికి నీళ్ళు వదిలారు. ఫోము కొట్టకముందు ఆ పైపు చట్రంలో ఉండటం ఆమె కళ్ళారా చూసిందే. భయంలో ఆ తెలివి ఏ మూలకు పోయిందో. గడులు లెక్కపెట్టకుండా చేతిని నమ్మి, నాలుగోది వదిలేసి మూడోది కోసింది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దవాళ్ళలో ఎవరో ఊపిరి పీల్చుకుని నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు. ఆ మెత్తదనం ఎటు పోయిందో గాని, "నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు. "కొత్త గోడ కోసేస్తావా? ఎవరు చెప్పారు నీకు?"

"పక్కది సార్. పక్క గడిలో ఉంది."

"ఏముంది? ఎవరు కొట్టిన గడి? చెప్పు."

తమ్ముడు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. సూటు లేకుండా మామూలు చొక్కాలో వాడు చిన్నపిల్లాడిలా కనపడ్డాడు ఆమెకు. మూడు రోజులుగా గోడ కోసేస్తే చాలనుకుంది. కోశాక వాడి వైపు వేలెత్తి చూపించాల్సొస్తుందని అనుకోలేదు.

"బయటికి నడు" అన్నాడు సూపర్‌వైజర్. వరండా వైపు తిరిగి, "నువ్వు మెయిన్ వెయ్యవయ్యా. ఈ గోల నేను చూసుకుంటాను."

అప్పుడు తమ్ముడు కదిలాడు. సూపర్‌వైజర్ పక్కనుంచే నడిచి వచ్చి, అక్క చేతిలోని కత్తి తీసుకున్నాడు. ఒక్క జాన పక్కకు జరిగి, కొలవకుండా, వెతుక్కోకుండా బోర్డులోకి దింపాడు. కోత తిన్నగా వచ్చింది. బోర్డు ముక్క ఊడదీసి, ఫోము పెరికి పక్కన పడేశాడు. నల్లటి పొడి రంగు వేసిన గోడ మీదుగా కిందికి కారింది. మాడు వాసన గదంతా కమ్మింది. గుంటలో వైరు జానెడు మేర తొడుగు లేకుండా బోడిగా వేలాడుతోంది. టేపు చుట్టింది అందులో నాలుగో వంతుకే.

"నేనే కొట్టానండీ" అన్నాడు. "ఒకే పొర."

కరెంటాయన గుమ్మంలోంచి ఆ తీగ చూశాడు. ఎవరినీ అడగలేదు. వరండాలోకి వెళ్ళి మెయిన్ పెట్టెలోంచి రెండంతస్తుల ఫ్యూజులూ పెరికి జేబులో వేసుకున్న చప్పుడు వినపడింది.

"నేను చెప్పానా అలా కొట్టమని?" అన్నాడు సూపర్‌వైజర్, పెద్దవాళ్ళ వైపు ఓ కన్ను వేసి.

"చెప్పారు" అన్నాడు తమ్ముడు. "మీరు చెప్పారు, నేను కొట్టాను."

"రేపట్నించి గన్ను ముట్టుకోకు."

"సరేనండీ."

టీచరమ్మ కర్ర ఊతంతో ముందుకొచ్చి, గుంటలోకి తొంగిచూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సూపర్‌వైజర్‌తో మాట్లాడలేదు. తప్పు చేసిన విద్యార్థిని అడిగినట్టు తమ్ముణ్ణే అడిగింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి బాబూ?"

కత్తి అక్క, ఇంకేం లేవమ్మా, ఇదొక్కటే, అనబోయింది.

"ఈ గదిలో ఇంకోటి, కిటికీ నుంచి ఏడోది" అన్నాడు తమ్ముడు. గోడ వంక చూస్తూ, తడుముకోకుండా చెప్పుకుపోయాడు. "ఎదురు గదిలో రెండోది, ఆరోది. పైన మెట్ల పక్క గదిలో మొదటి మూడూ. దాని పక్కదాంట్లో ఐదోది. పై మూల గదిలో రెండోది, మూడోది, ఎనిమిదోది. దీంతో కలిపి మొత్తం పదకొండు."

ఫ్యూజుల జేబు చేత్తో పట్టుకుని వచ్చిన కరెంటాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "పై అంతస్తుకి పొద్దున ఏడింటికే ఇచ్చేశానే కరెంటు" అన్నాడు మెల్లగా. "ఇప్పుడంటే తీసేశాను. నాలుగ్గంటలు నడిచింది."

ఆ గోడలన్నీ కత్తి అక్క చెక్కినవే. ఒక్కో మొహమూ వెన్నలా నున్నగా తేలిందని మురిసిపోయినవే. తనకు ఒక్క గడి పట్టుకుని మూడు రోజులు అన్నం సహించలేదు. వాడు పదకొండు గడులు కడుపులో పెట్టుకుని, ఏది ఏ గదిలో ఎన్నోదో వల్లె వేసుకుంటూ, గీకిన డ్రములే గీకుతూ తిరిగాడు.

తమ్ముడు అప్పటికే మెట్ల వైపు పరిగెత్తాడు. ఆమె వెనకే పరిగెత్తింది. వాళ్ళ వెనక సూపర్‌వైజర్ పెద్దవాళ్ళను వ్యాను దగ్గరికి పంపించమని ఎవరినో కేకేస్తున్నాడు, గొంతు బొంగురుపోయింది. పైకి ఎక్కేకొద్దీ ఆమె ముక్కు ఎగబీల్చి చూసింది. రంగు వాసనో, మాడు వాసనో తెలియలేదు.

"ఒక్కటే అన్నావు కదరా నాతో" అంది మెట్ల మలుపులో, ఆయాసపడుతూ.

"నువ్వు భయపడతావని అక్కా" అన్నాడు వాడు, వెనక్కి తిరగకుండా.

ఆమె మెట్ల పక్క గది తలుపు తోసి, కిటికీ దగ్గర్నుంచి గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.